యాసిన్ గారి నీలిసుద్ద పటం

1973వ సంవత్సరం జూన్ నాలుగవ తేదీ, సోమవారం నాడు, విజయవాడ గవర్నర్‌పేటలోని మన కృష్ణా మండల పట్టణ సహకార బ్యాంకుల సమాఖ్య కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన శ్రీ మహమ్మద్ యాసిన్ గారు, ముప్పై అయిదు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం, గణాంక విభాగ ప్రధానాధికారిగా ఈ జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. డెల్టాలోని చిన్న పట్టణ బ్యాంకులన్నిటికీ పెద్దన్న వంటి ఈ సమాఖ్య, తన సభ్యుల క్షేమాన్ని కనిపెట్టి ఉండటానికే పుట్టింది. ఆ కనిపెట్టే పనిని ఆయనంత శ్రద్ధగా చేసినవారు మనలో మరొకరు లేరని చెప్పడానికి ఈ ప్రత్యేక సంచిక ఒక సాకు మాత్రమే. సన్మానాలంటే ఆయనకు మొహమాటం. శాలువా కప్పితే ముందు దాని అంచు కుట్టు సరిగా ఉందో లేదో తిప్పి చూస్తారు. అందుకని ఈసారి శాలువా ఎంపికను వారి కుమారుడు తారిక్‌కే అప్పగించాం.

ఆ కుట్టు చూసే అలవాటు వంశపారంపర్యం. వన్‌టౌన్ ఇస్లాంపేటలో వారి తండ్రిగారు దర్జీ. కొలత తీసుకోకుండా కత్తెర పట్టేవాడు దర్జీ కాదు, దొంగ అన్నది ఆ పెద్దాయన సిద్ధాంతం. ఆ దుకాణపు బల్ల కింద కూర్చుని చదువుకున్న యాసిన్ గారు బీకాం పట్టా పుచ్చుకున్నారు. ఆ చదువుకు ఫీజులు కట్టింది మాత్రం వారి చెల్లెలు జైతూన్ బీ గారు కుట్టిన కాజాలు. అన్నగారు పుస్తకం పట్టుకుంటే చెల్లెలు సూది పట్టుకునేవారు. చొక్కాకు ఆరేడు కాజాల లెక్కన ఒక డిగ్రీకి ఎన్ని చొక్కాలు అవసరమో గణాంకశాఖాధిపతి అయ్యాక కూడా తాను లెక్క తేల్చలేదనీ, తేల్చే ధైర్యం లేదనీ యాసిన్ గారు ఒకసారి అన్నారు. ఈ వ్యాసంలో జైతూన్ బీ గారి ప్రస్తావన మళ్లీ వస్తుంది. ఆమె లేకుండా యాసిన్ గారి ఉద్యోగ చరిత్ర రాస్తే అది గుండీలు లేని చొక్కాయే అవుతుంది.

1980లలో తనిఖీ అధికారిగా పదోన్నతి పొందిన యాసిన్ గారు, డెల్టాలో బస్సు పోయే ప్రతి ఊరికీ బస్సులోనూ, బస్సు పోని ఊరికి పడవలోనూ వెళ్లి మన సభ్య బ్యాంకుల లెక్కలు చూశారు. తనిఖీకి వెళ్లిన చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్న నియమం పెట్టుకుని, సొంత ఫ్లాస్కుతో టీ తీసుకువెళ్లేవారు. బల్లమీద ఆ ఎర్ర ఫ్లాస్కు ప్రత్యక్షం కాగానే మేనేజర్లకు చెమట పట్టేదని ప్రతీతి. అయితే ఆ ఫ్లాస్కులో టీ సాయంత్రం దాకా మిగిలితే మాత్రం తప్పు దొర్లిన గుమాస్తాకే పోసి, తప్పు ఎలా దిద్దాలో పక్కన కూర్చుని చూపించేవారు. కంకిపాడు నుంచి కైకలూరు దాకా ఈనాడు పెద్ద పదవుల్లో ఉన్న పలువురు ఆ చల్లారిన టీ తాగి పైకి వచ్చినవారే.

1991లో వారిని గణాంక విభాగానికి మార్చినప్పుడు కార్యాలయమంతా పరామర్శకు వెళ్లింది. ఆ విభాగమంటే అప్పట్లో మేడమెట్ల కింద ఒక గది, రెండు బీరువాలు, తిరగని పంకా. అక్కడికి పంపడమంటే పనిలేని చోట కూర్చోబెట్టడమని అందరి అభిప్రాయం. యాసిన్ గారు మాత్రం పంకా బాగుచేయించుకుని, సభ్య బ్యాంకులు నెలనెలా పంపే నివేదికలను దుమ్ము దులిపి చదవడం మొదలుపెట్టారు. అవి మనకు ఎప్పటినుంచో వస్తున్నవే, అందరం చూసినవే. ఒక్కొక్క బ్యాంకు నివేదికను విడిగా చూస్తే అందులో వింతేమీ లేదు. వాటిని పక్కపక్కన పరిచి చూడాలన్న ఆలోచన వారికి ముందు ఎవరికీ రాలేదంతే.

అలా పరిచి చూడగా, డెల్టాలోని చిన్న బ్యాంకులన్నిటి డిపాజిట్లు ప్రతి మార్చి నెలాఖరుకు గోదారి వరదలా పెరుగుతున్నాయి. వాటిలో కొంత భాగం ఊళ్లో జనం దాచుకున్నది కాదు, పక్క బ్యాంకు తెచ్చి వేసినది. ఇదేమిటో తెలుసుకోవడానికి ఆయన హనుమాన్ జంక్షన్‌లోని వర్తకుల బ్యాంకుకు వెళ్లారు. టైర్ల కొట్టు మీద మేడ గదిలో నడిచే ఆ బ్యాంకును మనమంతా జంక్షన్ బ్యాంకు అంటాం. దాని మేనేజరు శ్రీ సొలొమోను గారు దాపరికం లేని మనిషి. ఏముందండీ, పెళ్లిలో చదివింపుల్లాంటిదేనని నవ్వుతూ చెప్పారు.

"మార్చిలో అందరికీ టార్గెట్లు ఉంటాయి కదండీ. మేం వాళ్ల దగ్గర డిపాజిట్ వేస్తాం, వాళ్లు మా దగ్గర వేస్తారు. ఇద్దరి డిపాజిట్లూ పెరుగుతాయి, ఎవరి జేబూ తరగదు. మార్చి మర్యాద అంటామండీ దీన్ని."

చదివింపులతో వచ్చే చిక్కే ఈ మర్యాదతోనూ వచ్చింది. ఒకసారి రాయించుకున్నాక తిరిగి రాయించక తప్పదు, తగ్గించి రాయిస్తే మాట వస్తుంది. ఏప్రిల్‌లో తిరిగి ఇవ్వవలసిన సొమ్మును మరుసటి మార్చిదాకా ఉంచుకోవడం అలవాటైంది. ఉన్న సొమ్మును ఊళ్లో అప్పులుగా ఇవ్వడం ఆపైన అలవాటైంది. అటు గుడివాడ దారిలోని మిల్లర్ల బ్యాంకు, ఇటు కైకలూరు వైపు చేపల వ్యాపారుల కొల్లేటి బ్యాంకు, నడుమ జంక్షన్ బ్యాంకు, ఇంకా పదుల సంఖ్యలో చిన్నాచితకా బ్యాంకులు ఒకదానికొకటి బాకీపడి, ఆ సంగతిని మర్యాద అనుకుంటూ హాయిగా ఉన్నాయి.

యాసిన్ గారు ఇస్లాంపేట దుకాణం నుంచి ఖాకీ కాగితపు చుట్ట, దర్జీలు బట్టమీద గీసే నీలిసుద్ద బిళ్ల తెప్పించారు. బల్ల చాలక గది నేలమీద కాగితం పరిచి, ఒక్కొక్క బ్యాంకుకు ఒక్కొక్క సున్న చుట్టి, ఎవరు ఎవరికి బాకీయో గీతలు లాగారు. బాకీ పెద్దదైతే గీత లావు. తర్వాత జేబురుమాలుతో ఒక్కొక్క సున్నను చెరిపి, అది లేకపోతే ఎవరి గీత గాలిలో వేలాడుతుందో, ఆ దెబ్బకు తర్వాత ఎవరిని చెరపవలసి వస్తుందో చూసేవారు. మళ్లీ గీసి, మరొకరిని చెరిపేవారు. ఆ రోజుల్లో వారి జేబురుమాళ్లన్నీ నీలం తిరిగిపోయి, ఏ చాకిరేవుకూ లొంగేవి కావని శ్రీమతి ఇష్రత్ గారి ఫిర్యాదు. భర్త ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడో గోడలకు సున్నం వేస్తున్నాడో తనకు చాలాకాలం తెలియలేదని ఆమె మొన్న కూడా అన్నారు.

ఆ చెరిపి చూడటంలో తేలిన విషయం విచిత్రమైనది. పెద్ద బ్యాంకును చెరిపితే ఇద్దరు ముగ్గురికి దెబ్బ తగిలి ఆగిపోయేది. టైర్ల కొట్టు మీది జంక్షన్ బ్యాంకును చెరిపితే మాత్రం ఒకరి తర్వాత ఒకరు పోయి, కాగితం సగం ఖాళీ అయ్యేది. నాలుగు దారులు కలిసే ఊరు కావడంతో, అన్ని వైపుల బ్యాంకులూ అక్కడే పరస్పరం ఇచ్చిపుచ్చుకునేవి. ఎవరు పెద్ద అన్నది కాదు, ఎవరి గుండా ఎందరు ముడిపడ్డారన్నది చూడాలి అని యాసిన్ గారు 1999లో ఒక నివేదిక రాసి, పటంతో సహా అప్పటి మేనేజింగ్ డైరెక్టరు శ్రీ జానకిరామ్ గారికి సమర్పించారు. జానకిరామ్ గారు కాగితం విప్పి, తలవంచి చూసి, మా ఇంట్లో ధనుర్మాసంలో వేసే ముగ్గు కూడా ఇంత బాగుండదండీ అని మెచ్చుకుని, టీ ఇప్పించి, పటాన్ని బీరువాలో భద్రపరిచారు. మంచి నివేదికలకు మన సమాఖ్యలో జరిగే మర్యాద అప్పట్లో అదే. యాసిన్ గారు నొచ్చుకున్నా పైకి అనలేదు. నెలనెలా కొత్త కాగితం మీద మళ్లీ గీయడం మాత్రం మానలేదు.

2002 జూలైలో ఆ పటం అవసరం పడింది. దూరపు నగరంలో ఒక పెద్ద ఫైనాన్సు సంస్థ చెల్లింపులు ఆపేసింది. జంక్షన్ బ్యాంకు సొమ్ము కొంత అందులో ఇరుక్కుంది. ఈ కబురు మన కార్యాలయానికి రహస్య సమాచారంగా ముందు చేరింది, బజారుకు ఇంకా చేరలేదు. యాసిన్ గారు మేడమెట్ల కింద గదిలో నీలిసుద్ద పట్టుకుని, తమకు బాగా తెలిసిన ఆ సున్నను మరోసారి చెరిపి చూశారు. ఈసారి అది కేవలం కాగితం మీది ఆట కాదు.

ఇక్కడే జైతూన్ బీ గారి కథ కలుస్తుంది. వివాహానంతరం ఆమె హనుమాన్ జంక్షన్‌లో స్థిరపడి, బస్టాండు దగ్గర తోపుడుబండి మీద గాజులు అమ్ముకుంటూ, ఇరవై ఏళ్లపాటు రూపాయి రూపాయి కూడబెట్టారు. బస్టాండు మూలమీది ఒక కొట్టు గదిని కొని, ఎండావానలకు బండి తోసుకునే బాధ వదిలించుకోవాలన్నది ఆమె జీవితాశయం. గది యజమాని దసరా లోపల సొమ్ము చెల్లిస్తే రాసిస్తానని మాట ఇచ్చాడు. ఆ సొమ్మంతా, వేరే చెప్పాలా, జంక్షన్ బ్యాంకులో ఉంది.

కబురు తెలిసిన ఆ వారంలోనే యాసిన్ గారు పనిమీద ఆ ఊరు వెళ్లి, రివాజు ప్రకారం చెల్లెలింట భోజనానికి కూర్చున్నారు. కొల్లేటి కొరమీను పులుసు. అన్నగారి ముఖం చూశారో, బజారులో గాలి ఏదైనా పసిగట్టారో, ఆమె వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక ప్రశ్న అడిగారు.

"భాయ్, నా డబ్బు జంక్షన్ బ్యాంకులో ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

మన వృత్తిలో ఒక నియమం ఉంది. ఒక బ్యాంకు ఆరోగ్యం గురించి కార్యాలయంలో తెలిసినది కార్యాలయం గుమ్మం దాటరాదు. చెప్పడం సులభం. తన చదువుకు కాజాలు కుట్టిన చేయి ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడి అడుగుతుంటే పాటించడం ఎంత కష్టమో ఆ రోజు యాసిన్ గారికి తెలిసింది. తీసెయ్యమంటే ఆమె డబ్బు దక్కుతుంది, కాని రేపటికి బజారంతా వరస కడుతుంది. ఉంచమంటే అది అబద్ధం. ఆయన తల వంచుకుని ఒక ముద్ద మింగి, పులుసు బాగుందమ్మా అన్నారు. ఆమె మరి అడగలేదు. తిరుగు బస్సులో కన్నీళ్లు ఆగలేదనీ, ఎండ కంట్లో పడుతోందని పక్క ప్రయాణికుడితో బొంకవలసి వచ్చిందనీ ఆయనే ఇష్రత్ గారితో చెప్పుకున్నారు.

వారం తిరక్కుండా సంగతి బయటపడింది. జంక్షన్ బ్యాంకు మెట్ల మీద, మెట్ల కింద, టైర్ల కొట్టు దాటి రోడ్డు మీద దాకా ఖాతాదారులు. సొలొమోను గారు ఉన్నంతలో సర్ది ఇస్తూ, చివరికి ఒక్కొక్కరికి వారానికి ఇంతేనని పరిమితి విధించారు. ఇది విన్న మరునాడే డెల్టాలోని సభ్య బ్యాంకుల అధ్యక్షులూ, మేనేజర్లూ గవర్నర్‌పేటలోని మన సమావేశ మందిరంలో పోగయ్యారు. అందరి నోటా ఒకటే మాట, జంక్షన్ బ్యాంకు నుంచి మా సొమ్ము మాకు ముందు ఇప్పించండి అని. అందరిలోకీ పెద్ద గొంతు మిల్లర్ల బ్యాంకు అధ్యక్షులు శ్రీ నాగులు గారిది. స్వయంగా రైసుమిల్లు యజమాని, మాట కరుకు, మనసు వెన్న, కాని ఆ రోజు వెన్న ఇంట్లో మరచి వచ్చారు. తమ సొమ్ము చేతిలో పడితే తప్ప కుర్చీలోంచి లేవనని భీష్మించుకున్నారు.

జానకిరామ్ గారు అటూ ఇటూ చూసి, బీరువా తాళాలు యాసిన్ గారి చేతిలో పెట్టారు. ఆ పటం నేను లోపల పెట్టకుండా ఉండవలసింది, ఇప్పుడైనా పరవండి అని సభాముఖంగా అన్నారు. అంత మాట అనగలగడం జానకిరామ్ గారి పెద్దమనసు. యాసిన్ గారు పాత పటం తీయలేదు, అదే నెలలో గీసిన కొత్తది తెచ్చారు. బల్ల చాలలేదు కనుక నేలమీద పరిచారు. మట్టి పడితే గీతలు చెరుగుతాయని చెప్పులు విప్పమన్నారు. గుడిలోనూ మసీదులోనూ తప్ప చెప్పులు విప్పని పెద్దలందరూ ఆ మధ్యాహ్నం వట్టికాళ్లతో ఖాకీ కాగితం చుట్టూ నిలబడటం మన సమాఖ్య చరిత్రలో మరపురాని దృశ్యం.

యాసిన్ గారు ఉపన్యాసం ఇవ్వలేదు. జేబురుమాలు తీసి జంక్షన్ బ్యాంకును చెరిపారు. మీరు అడిగినట్టే అందరూ సొమ్ము లాగితే ఆ బ్యాంకు రేపు తలుపులు మూస్తుందండీ అన్నారు. మూసే ముందు అది తనకు రావలసినది కొల్లేటి బ్యాంకును అడుగుతుంది. కొల్లేటి వారి దగ్గర అంత రొక్కం లేదు, చేపల చెరువుల్లో ఉంది. కనుక అదీ పోయింది. రుమాలు కదిలింది. కొల్లేటి వారు పోయే ముందు తమకు రావలసినది ఎవరిని అడుగుతారని ఆయన గీత వెంట వేలు పోనిచ్చారు. ఆ వేలు కాగితమంతా తిరిగి, నాగులు గారి బొటనవేలి దగ్గర ఆగింది. మిల్లర్ల బ్యాంకు కొల్లేటి బ్యాంకుకు బాకీ. నాగులు గారు జంక్షన్‌లో లాగిన దెబ్బ నాలుగు రోజుల్లో నాగులు గారి గుమ్మానికే వచ్చి పడుతుందన్నమాట.

"అయితే ఏం చెయ్యమంటారు? ఊరుకోమంటారా?" అని నాగులు గారు అడిగారు. గొంతు మాత్రం సగానికి తగ్గింది.

"మీ మిల్లులో బస్తా మూతి ఎట్టా విప్పుతారండీ?"

"దారం సరైన చివర పట్టుకుని లాగితే మొత్తం కుట్టు ఒక్క ఊపున ఊడొస్తుంది. తప్పు చివర లాగారా, ముడిపడి కూర్చుంటుంది. ఇక కత్తిపీట తేవాల్సిందే."

"ఇదీ అంతేనండీ. ఇక్కడ ఆ సరైన చివర మీ చేతిలోనే ఉంది. మీరు జంక్షన్ బాకీ వదిలితే, జంక్షన్ కొల్లేటి బాకీ వదులుతుంది, కొల్లేటి వాళ్లు మీ బాకీ వదులుతారు. ఎవరి డబ్బూ ఎక్కడికీ కదలక్కర్లేదు."

చుట్టు తిరిగి వచ్చే బాకీలను ఒకదానితో ఒకటి చెల్లు వేసుకోవడం లెక్కలు తెలిసినవారికి బ్రహ్మవిద్య కాదు. కాని ముందుగా సంతకం చేసేవాడికి గుండె ధైర్యం కావాలి. తాను వదిలాక పక్కవాడు వదలకపోతే ఏమి గతి అన్న భయం ఉంటుంది. నాగులు గారు చాలాసేపు తమ సున్నను చూస్తూ నిలబడి, చివరికి ఎవరిదో కలం అడిగి పుచ్చుకున్నారు. ఆయన చేసిన సంతకం చూసి కొల్లేటి వారు చేశారు, వారిని చూసి మిగిలినవారు చేశారు. ముగ్గురి చుట్లు, నలుగురి చుట్లు వెతికి వెతికి విప్పుతూ, పెరుగన్నం పొట్లాలతో మధ్యాహ్న భోజనం ముగించి, పొద్దు వాలేసరికి పరస్పర బాకీల్లో సగానికి పైగా చెరిపివేశారు. మిగిలిన అసలైన లోటును సమాఖ్య నిధి నుంచి సర్దారు. ఒక్క బ్యాంకు మూతపడలేదు. ఖాతాదారుల్లో ఒక్కరి సొమ్ము పోలేదు. ఆనాటి సంతోషం తలుచుకుంటూ మన పాత ఉద్యోగులు ఇప్పటికీ ఆ పెరుగన్నం పొట్లాల కథ చెబుతుంటారు.

అయితే నిజం చెప్పకపోతే ఈ సంచికకు శోభ రాదు. సొమ్ము పోలేదు కాని వెంటనే చేతికీ రాలేదు. జంక్షన్ బ్యాంకులో పరిమితులు పూర్తిగా ఎత్తివేసేసరికి మరుసటి ఏడాది బక్రీదు వచ్చింది. దసరా ఎప్పుడో దాటిపోయింది. బస్టాండు మూలమీది ఆ కొట్టు గదిని యజమాని మరొకరికి అమ్మేశాడు. జైతూన్ బీ గారు మరి రెండేళ్లు బండి తోసి, లోపలి వీధిలో ఒక చిన్న గది కొనుక్కున్నారు. నీడ ఎక్కువ, గిరాకీ తక్కువ. అన్నగారిని ఆమె ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆదరంలో లోటు చేయలేదు, పులుసు వండటం మానలేదు. బ్యాంకుల మాట మాత్రం మరి ఎత్తలేదు. కార్యాలయమంతా తనను పొగుడుతున్న ఆ రోజుల్లో యాసిన్ గారు హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్లేటప్పుడు బస్టాండు మూలవైపు చూడకుండా తల తిప్పుకునేవారు.

అటు తరువాతి అయిదేళ్లూ మన సమాఖ్యకు వైభవ సంవత్సరాలు. యాసిన్ గారి సూచనపై మార్చి మర్యాద రద్దయింది. ఏ బ్యాంకూ తన సొమ్ములో కొద్ది భాగానికి మించి మరొక్క బ్యాంకు దగ్గర ఉంచరాదన్న నిబంధన వచ్చింది. ప్రతి నెలా పటం గీసి సభ్యులందరికీ చూపడం ఆచారమైంది. మేడమెట్ల కింద గది నుంచి గణాంక విభాగం మేడమీదికి మారింది. ఇప్పుడు ఆ పటాన్ని శ్రీ మణికుమార్ గారు కంప్యూటరు మీద నిమిషాల్లో రంగురంగుల్లో గీసి ఇస్తున్నారు. ఆయనకు ఆ విద్య నేర్పింది యాసిన్ గారే, నలభై ఆరో ఏట కంప్యూటరు తరగతిలో కుర్రవాళ్ల నడుమ కూర్చుని తాము నేర్చుకున్నాక. అయినా అచ్చుపటం చేతికి రాగానే పక్కన ఖాకీ కాగితం పరిచి సుద్దతో ఒకసారి గీసి సరిచూసుకోనిదే వారికి తృప్తి లేదు. చెరిపి చూడటానికి వీలులేని పటం పటమే కాదంటారు. దుకాణం ఇప్పుడు తారిక్ నడుపుతున్నందువల్ల సుద్దకు కొరత రాలేదు.

గత మాసంలో ఈ సంచిక కోసం పాత ఫొటోలు అడగడానికి మణికుమార్ గారు హనుమాన్ జంక్షన్‌లోని జైతూన్ బీ గారింటికి వెళ్లారు. ఆ రోజు యాసిన్ గారు కూడా అక్కడే భోజనం చేస్తున్నారు. ఫొటోల మధ్య నుంచి బస్టాండు దగ్గర గాజుల బండి పక్కన అన్నాచెల్లెళ్లు నిలబడ్డ బొమ్మ ఒకటి బయటపడింది. దాన్ని చూసి యాసిన్ గారు చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి, ఆరేళ్లుగా మనసులో మోస్తున్నది పైకి అనేశారు. ఆ రోజు అడిగితే చెప్పలేకపోయానమ్మా, నీ గది నావల్లే పోయింది, క్షమించమని అన్నారు. మణికుమార్ గారు లేచి వెళ్లాలో కూర్చోవాలో తెలియక ఫొటోలు సర్దుతూ ఉండిపోయారు. ఆమె చెప్పిన జవాబును ఆయన విన్నది విన్నట్టే ఇక్కడ ఇస్తున్నాం.

"నువ్వు చెప్పావు కదా భాయ్. నా చేతి వంట ఏనాడైనా మెచ్చుకున్నావా నువ్వు? ఆ రోజు పులుసు బాగుందన్నావు. బ్యాంకు పని బాగాలేదని నాకప్పుడే తెలిసిపోయింది."

మరి డబ్బు ఎందుకు తీసుకోలేదని యాసిన్ గారు అడిగారు.

"యాసిన్ గారి చెల్లెలు తీసిందంటే బజారు ఊరుకుంటుందా? సాయంత్రానికి అందరూ లైన్లో నుంచునేవాళ్లు. నువ్వు చెప్పావనేవాళ్లు. గదిదేముంది, ఇంకోటి దొరికింది. నీ పేరు పోతే ఎక్కడ తెచ్చేదాన్ని?"

డెల్టాలోని ప్రతి బ్యాంకుకూ సున్న చుట్టి గీతలు లాగిన యాసిన్ గారి పటంలో, చెరిపి చూడవలసిన ఒక సున్న ఇన్నేళ్లూ గీయకుండా మిగిలిపోయింది. మనం నాగులు గారి సంతకాన్ని తొలి సంతకంగా స్మరించుకుంటూ వచ్చాం. దానికి ముందే, ఏ కాగితమూ లేకుండా, తన బాకీ అడగకుండా వదులుకున్నవారు ఒకరున్నారని ఇప్పుడు తెలిసింది. అందుకే రేపటి సభలో తొలి శాలువా జైతూన్ బీ గారికి కప్పాలని ఉద్యోగులందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. రెండవది యాసిన్ గారిది.

యాసిన్ గారు తమ పదవీ విరమణ సొమ్మును జంక్షన్ బ్యాంకులో చెల్లెలి ఖాతా పక్కనే వేస్తున్నట్లు మాకు తెలిసింది. ఇకనుంచి ఆయన నోటికి కార్యాలయ నియమం అడ్డు లేదు. ఎవరు ఏది అడిగినా చెప్పవచ్చు, పులుసును మనసారా మెచ్చుకోవచ్చు, మెచ్చుకుంటే ఎవరూ కంగారు పడనక్కర్లేదు. శ్రీమతి ఇష్రత్ గారి సాహచర్యంలో, తెల్లని జేబురుమాళ్లతో, ఆ దయామయుడి కరుణవల్ల ఆయన ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, ఆ నూరేళ్లూ ఆయనకు వడ్డించే చేయి అంతే చల్లగా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.